మెడలో దారం కడితే పొట్టేలయ్యే రాజకొడుకు కథ చివర మీకెవరికైనా తెలుసా?

జమ్మలమడుగు దగ్గర మా ఊర్లో అవ్వ చెప్పే కథ ఒకటుంది, సగమే గుర్తుంది. రాక్షసి పగలు రాజకొడుకు మెడకు నల్లదారం కట్టి పొట్టేలును చేసి గాటికి కట్టేసి పోతాది, సందేళ వచ్చి దారం ఇప్పితే మళ్ళీ మనిషి, ఇంట్లోకి వస్తానే "నరవాసన నరవాసన" అని ముక్కు ఎగబీలుస్తాది (ఆ మాట అనేటప్పుడు అవ్వ మా మెడ దగ్గర వాసన చూసేది, అది మాత్రం బాగా గుర్తుంది). ఒక గొల్లపిల్ల మేత వేస్తా వేస్తా దారం చూసి పంటితో కొరికి తెంపుతాది. ఆ తర్వాత రాక్షసి ప్రాణం యాడుందో ఆ పిల్ల కనుక్కుంటాది, ఇక్కడి నుంచి నాకు మొత్తం ఖాళీ. తుమ్మెద అని లీలగా గుర్తు, అది కూడా గ్యారెంటీ లేదు.

బాలనాగమ్మ బుర్రకథలు యూట్యూబ్‌లో విన్నా, 1942 సినిమా కూడా చూసినా, కానీ అందులో మాయల ఫకీరు ఆమెను కుక్కను చేసి ఎత్తుకుపోతాడు, ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటాది, పొట్టేలు లేదు దారం లేదు. పాత చందమామ పీడీఎఫ్‌లు ఒక ముప్పై దాకా తిరగేసినా, బేతాళ కథల్లో కూడా దొరకలా. మా ఊర్లో పెద్దోళ్ళను అడిగితే అందరూ నరవాసన దగ్గరే ఆగిపోతాండారు.

కడప, అనంతపురం, కర్నూలు వైపు మీ ఇండ్లల్లో ఈ కథ చెప్పింటే, ఆ రాక్షసి ప్రాణం దేంట్లో ఉన్నట్టు చెప్పినారు?