గెలాక్సీ గుంపుల దగ్గరి లెన్సింగ్ డేటా పారేయాలా, సరిచేసి వాడుకోవాలా?

చుక్కలపిల్ల:
వారం రోజులుగా డార్క్ ఎనర్జీ సర్వే వాళ్ళ మూడేళ్ళ డేటా పేపర్లు (2021లో వచ్చినవి) ముందేసుకుని కూర్చున్నా, ఒక్కటి మాత్రం మింగుడుపడట్లేదు. చిలీలో 4 మీటర్ల టెలిస్కోప్‌తో దాదాపు 10 కోట్ల గెలాక్సీల ఆకారాలు కొలిచారు, లెన్సింగ్ కోసం (ముందున్న వాటి గురుత్వాకర్షణ వెనకున్న గెలాక్సీల కాంతిని వంచి ఆకారం కాస్త సాగదీయడం). తీరా ఫిట్టింగ్ (డేటాని మోడల్‌తో సరిపోల్చడం) దగ్గరికొచ్చేసరికి లెన్స్ గెలాక్సీల (ముందుండి కాంతిని వంచేవి) చుట్టూ సుమారు 6 మెగాపార్సెక్‌ల (ఒక్కోటి దాదాపు 33 లక్షల కాంతి సంవత్సరాలు) లోపలి లెన్సింగ్, 8 లోపలి క్లస్టరింగ్ (గెలాక్సీలు ఎంత గుమిగూడాయన్న లెక్క) పక్కన పెట్టేశారు. సిగ్నల్ గట్టిగా ఉండేదే అక్కడ కదా! బాగా పండిన మడి వదిలేసి గట్టు పక్కన కోసుకున్నట్టుంది. సరిచేసి వాడితే ఏం పోయింది?

రాత్రిషిఫ్ట్:
సరిచేయడం అంత ఈజీ అయితే ఎప్పుడో చేసేవాళ్ళు. ఒక్కో గెలాక్సీకి పుట్టుకతో ఉండే సాగుడు 0.3 దాకా ఉంటుంది, లెన్సింగ్ వల్ల వచ్చేది 0.01 కూడా కష్టమే, అందుకే వేలూ లక్షలూ కలిపి సగటు తీస్తారు, ఆ సగటు నమ్మాలంటే వెనకున్న గెలాక్సీలు ముందున్న గుంపుతో సంబంధం లేకుండా ఉండాలి. కానీ దూరాలు రంగులు చూసి వేసిన అంచనాలే కాబట్టి గుంపులో ఉన్నవే కొన్ని వెనకవాటి లిస్టులోకి వచ్చేస్తాయి. వాటికి ఆ గుంపు వల్ల లెన్సింగ్ ఉండదు. పాలల్లో నీళ్ళు కలిసినట్టే.

పాతలెక్కల మాస్టారు:
నీళ్ళు ఎన్ని కలిశాయో కొలవొచ్చు కదండీ, ఈ పద్ధతి ఇరవై ఏళ్ళ నుంచీ ఉంది, దాన్నే బూస్ట్ ఫ్యాక్టర్ అంటారు. గుంపు చుట్టూ ఒక వలయం గీయండి, అందులో 125 గెలాక్సీలు దొరికాయనుకోండి. అంతే వలయం ఆకాశంలో ఎక్కడ పడితే అక్కడ వేస్తే సగటున 100 వస్తున్నాయి. అంటే ఆ 25 గుంపువే. సగటు 100/125, అంటే 20 శాతం పడిపోయింది, కాబట్టి 1.25తో గుణించాలి. దీనికి డేటా మొత్తం పారేయక్కర్లేదు.

రాత్రిషిఫ్ట్:
మాస్టారూ, ఆ 125 నిజంగా 125 అని ఎవరు చెప్పారు? గుంపు మధ్యలో గెలాక్సీలు ఒకదాని మీద ఒకటి పడి కనిపిస్తాయి, ఆకారం కొలిచే సాఫ్ట్‌వేర్ వాటిని వదిలేస్తుంది, లెక్క తగ్గుతుంది. ఇంకోపక్క లెన్సింగే వెనకవాటిని ప్రకాశవంతంగా చూపించి కొన్నిటిని లిస్టులోకి లాగుతుంది, ఆకాశాన్ని సాగదీసి కొన్నిటిని దూరం జరుపుతుంది. పైగా ఆ 25 మీరనుకున్నట్టు తలో దిక్కూ తిరిగి ఉండవు, గుంపు వైపు తిరిగి సాగే అలవాటు వాటికి ఉంది, అది లెన్సింగ్‌కి సరిగ్గా అడ్డదిశ.

మైనస్‌ఒకటి:
నా ఎమ్మెస్సీ ప్రాజెక్టులో ఇదే తగిలింది బ్రో 😅 పబ్లిక్ క్యాటలాగ్ తీసుకుని క్లస్టర్ల చుట్టూ ప్లాట్ వేశా, లోపలికి వెళ్ళేకొద్దీ పెరగాల్సిన లెన్సింగ్ మధ్యలో చదునుగా ఆగిపోయింది. కోడ్‌లో తప్పేమో అని రెండు వారాలు వెతికా, మా గైడ్ చూసి "నీ సోర్సుల (అంటే వెనక గెలాక్సీల) దూరాలు ఒకసారి చూడు" అన్నారంతే. లెన్స్‌కన్నా కొంచెం వెనక అని ఉన్నవన్నీ కోసేసి, బాగా వెనకవి మాత్రమే ఉంచితే కర్వ్ లేచింది, ఎర్రర్ బార్లు కూడా లేచాయనుకోండి. కాబట్టి పారేయాల్సింది గుంపుని కాదు, అనుమానం ఉన్న సోర్సుల్ని అని నా ఫీలింగ్.

దూరపుచూపు:
ఇక్కడ ఎవరూ అసలు సంగతి ఎత్తట్లేదు. ఆ సర్వేలోనే రెడ్‌మ్యాజిక్ అనే ఎర్ర గెలాక్సీల సెట్‌లో క్లస్టరింగ్ చెప్పేదొకటి, లెన్సింగ్ చెప్పేదొకటి, రెండూ పొసగలేదు. మ్యాగ్‌లిమ్ అనే ఇంకో సెట్‌లో దూరాన్ని బట్టి విడగొట్టిన ఆరు బిన్లుంటే చివరి రెండూ మోడల్‌కి కుదరక తీసేశారు, అదీ ఫలితం మీద గుడ్డ తీసి చూశాక. ఫలితాన్ని ముందే మూసిపెట్టుకునేది మనకి నచ్చిన సమాధానం రాకుండా ఉండటానికే కదా! దాచకుండా రాశారు, అది మెచ్చుకోవాలి, కానీ మాస్టారు చెప్పే 1.25లు ఈ గొడవని తీర్చవు.

పాతలెక్కల మాస్టారు:
అది లెన్స్ గెలాక్సీల ఎంపికలో తప్పండీ, నేను చెప్పేది సోర్సుల గురించి. రెంటినీ ఒకే గాటన కట్టకండి. ఇంకోటి, దూరాలు సరిచూసుకోవడానికి కూడా ఆ గుంపుల్నే వాడుతున్నారు: దూరం పక్కాగా తెలిసిన గెలాక్సీల పక్కన మన సోర్సులు ఎంత గుమిగూడాయో చూసి. కిడ్స్ అనే ఇంకో లెన్సింగ్ సర్వేలో ఎస్8 (విశ్వంలో పదార్థం ఎంత గుమిగూడిందో చెప్పే సంఖ్య) విలువ ముందు 0.76 దగ్గర ఉండేది, విశ్వం తొలినాటి కాంతిని కొలిచిన ప్లాంక్ ఉపగ్రహం 0.83 అంటుంటే విశ్వం మోడలే తప్పని ఎంత హడావుడి! 2025లో వాళ్ళ చివరి డేటాకి 0.815 వచ్చింది. ఏరియా పెరిగింది, దూరాల లెక్క మెరుగైంది.

చుక్కలపిల్ల:
సరే, పారేయడం పిచ్చిపని అన్నట్టు మాట్లాడింది వెనక్కి తీసుకుంటున్నా, గట్టు పోలిక కూడా 🙏 అయినా రాత్రిషిఫ్ట్ అన్నా, గెలాక్సీల్ని జంటజంటగా చూసే లెక్కల్లో సోర్సులు గుంపుగా ఉండటం వల్ల వచ్చే తేడా చిన్నదే, మూడేసి కలిపి చూసే లెక్కల్లోనే పెద్దది అంటున్నారు కదా. మరి యూక్లిడ్ (యూరప్ అంతరిక్ష టెలిస్కోప్) వాళ్ళు రెండో రకం కూడా వాడతామంటున్నారు, అక్కడ కోత ఎక్కడ పెడతారు?

రాత్రిషిఫ్ట్:
అక్కడ కోతతో పనవదు, సిమ్యులేషన్‌లోనే సోర్సుల్ని గుంపులుగా పోసి చూడాలి. డేటా పారేయక్కర్లేదన్న మేరకి మాస్టారే రైట్. బూస్ట్ ఫ్యాక్టర్ మాత్రం ఇంకా ఒప్పుకోను.