గుయ్, గరగర, టప్పు: సబ్‌వూఫర్ చప్పుళ్లకు మన మాటలు

పోస్టు

అందరికీ నమస్కారం. ఊళ్లో మా మావయ్య దగ్గర పాత సబ్‌వూఫర్ ఒకటి ఉంది, అదే, బేస్ మాత్రం మోగించే స్పీకర్ పెట్టె. దానికి పాట పంపే రిసీవర్ ఎప్పుడో పాడైపోయింది. అది లేకుండా ఈ పెట్టె పనిచేస్తోందో లేదో ఎలా చూసుకోవాలో ఆయనకు ఫోన్లో చెప్పాలి. వీడియోల్లో చెప్పేవాళ్లంతా హమ్, బజ్, రాటిల్, థంప్ అంటున్నారు. మావయ్యనడిగితే "ఏదో సౌండ్ వస్తోందిరా" అంటాడు. ఏ సౌండో తెలిస్తేగానీ లోపం ఎక్కడో తెలియదు. నిఘంటువులు తిరగేస్తే ఝంకారం, గుంజారవం దొరికాయి. అవి ఆయనతో అనలేను. మీ ఇళ్లలో ఈ చప్పుళ్లను ఏమంటారు?

వ్యాఖ్య

ఆంప్లిఫయర్లు బాగుచేయడం నా వృత్తి. బాగుచేయించుకోడానికి వచ్చేవాళ్ల నోట ఈ మాటలు రోజూ వింటాను. నిజానికి ఇంగ్లీషులో ఉన్నవాటికంటే మన దగ్గరే ఎక్కువ ఉన్నాయి. అడిగే తీరులో అడిగితే చాలు.

ముందు పెట్టె వెనక చూడమనండి. కరెంటు తీగ ఉంటే ఆంప్లిఫయర్ లోపలే ఉన్నట్టు. అలాంటిదానికి రిసీవర్ అక్కర్లేదు. ఒక పిన్ను కేబుల్ తీసుకుని ఒక కొస "లైన్ ఇన్" లేదా "ఎల్‌ఎఫ్‌ఈ" అని రాసున్న చోట గుచ్చి, రెండో కొస ఊరికే వదిలేయాలి. వాల్యూమ్ బాగా తక్కువలో పెట్టి, స్విచ్ "ఆటో"లో ఉంటే "ఆన్"కి మార్చి, ఖాళీ కొసలో మధ్యనున్న సన్నటి పిన్నును వేలితో తాకాలి. పెట్టె "గుయ్" మంటే ఆంప్లిఫయరూ బతికే ఉంది, స్పీకరూ బతికే ఉంది. ఇంట్లో తీగల్లో పారే కరెంటు సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కీ ఊగుతుంది, అంటే 50 హెర్ట్జ్. మన ఒళ్లు ఆ అలలను కొద్దిగా అందుకుంటుంది. వేలు తాకగానే వినిపించేది అదే. మీ హమ్ ఇదేనండీ. "చెవిలో గుయ్‌మంటోంది" అని అందరం అనే మాటే, కొత్తది వెతకక్కర్లేదు.

అది అయ్యాక ఫోన్ కలపమనండి. హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి ఎరుపు, తెలుపు పిన్నులకు వెళ్లే కేబుల్ ఎలక్ట్రికల్ షాపులో దొరుకుతుంది. ఫోన్‌కు ఆ రంధ్రం లేకపోతే ల్యాప్‌టాప్ గానీ టీవీ గానీ వాడొచ్చు. క్రాసోవర్ నాబ్ (ఎన్ని హెర్ట్జ్‌ల దాకా మోగాలో నిర్ణయించేది) చివరిదాకా తిప్పి, వాల్యూమ్ సున్నా నుంచి నెమ్మదిగా పెంచాలి. 40, 60, 80 హెర్ట్జ్ టోన్లు వినిపించే యాప్‌లు ఉచితంగానే ఉన్నాయి. ఆ టోన్లు ఫోన్ స్పీకర్‌లో దాదాపు వినపడవు, అంతమాత్రాన యాప్ పాడైందనుకోవద్దు.

అసలు అడగాల్సింది ఇప్పుడే. "సౌండ్ ఎలా ఉంది?" అంటే "బాగుంది" అనో "బాలేదు" అనో అంటారు. "గుయ్‌మంటోందా, చిటపటలాడుతోందా, గరగరమంటోందా, లొడలొడలాడుతోందా?" అనండి, ఎనభై ఏళ్ల పెద్దాయన కూడా తడుముకోకుండా చెప్తారు. చిటపట అంటే పిన్ను వదులైనట్టు, లేదా వాల్యూమ్ నాబ్‌లో దుమ్ము పట్టినట్టు. లొడలొడ అంటే మర ఏదో వదులైంది, లేకపోతే పెట్టె మీద పెట్టిన వస్తువేదో అదురుతోంది. బుసబుస అంటే గాలి ఎక్కడో తప్పించుకుపోతోంది. టకటక అంటే వాల్యూమ్ మరీ ఎక్కువై లోపలి కాయిల్ (తీగచుట్ట) అడుగుకు తగులుతోంది, వెంటనే తగ్గించాలి.

గరగర అన్నిటికంటే చెడ్డది. కరెంటు తీసేసి, కోన్ (స్పీకర్ ముందు కదిలే గరాటులాంటి భాగం) మీద మధ్య భాగానికి చుట్టూ వేళ్లు సమానంగా ఆనించి మెల్లగా లోపలికి నొక్కి వదలాలి. నిశ్శబ్దంగా వెనక్కి రావాలి. గరగరమంటే కాయిల్ అయస్కాంతం సందులో రాసుకుంటోందన్నమాట. ఇక్కడ మాట విషయంలో చిన్న జాగ్రత్త: "గరగరలాడడం" గంజి పెట్టిన బట్టకు వాడతాం, అది మెచ్చుకోలు. చప్పుడుకైతే "గరగరమంటోంది" అనాలి.

కరెంటు తీగ లేదా? అయితే ఫోన్ కలిపి లాభం లేదు, దాన్ని మోగించే బలం ఫోన్‌కు లేదు. ఎర్ర, నల్ల టెర్మినళ్లకు 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ ఒక్క క్షణం తాకించి తీసేయాలి. "టప్పు" మంటుంది. ప్లస్సు ఎర్రదానికి తాకిస్తే కోన్ సాధారణంగా ముందుకు కదులుతుంది. చప్పుడే లేకపోతే కాయిల్ తెగిందేమో మల్టీమీటర్‌తో చూడాలి. 4 ఓమ్‌ల స్పీకర్ మూడు, మూడున్నర చూపిస్తుంది, 8 ఓమ్‌లది ఆరు దాకా. అంకె ఏదీ రాకపోతే కాయిల్ పోయినట్టే. ఈ సెల్ పరీక్ష కరెంటు తీగ ఉన్న పెట్టెల పిన్నుల దగ్గర చేయొద్దు. వెనక మూత కూడా తెరవొద్దు, ప్లగ్ పీకేశాక కూడా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలవుంటుంది.

వ్యాఖ్య

వ్యాకరణం వైపు నుంచి ఒక మాట. ఒక్కసారి వచ్చే చప్పుడుకు మనం సాధారణంగా మాటను ఒక్కసారే పలికి "మను" చేరుస్తాం: టప్పుమంది, ధబ్బుమంది. ఆగకుండా వచ్చేదాన్ని జంట చేస్తాం: చిటపట, లొడలొడ. అనుకరణ శబ్దాల్లోనే ఎంతసేపు వచ్చిందన్నది ఇమిడి ఉంది. "ఆన్ చేయగానే ధబ్బుమంది" అంటే ఒక సంగతి, "ధబధబమంటోంది" అంటే ఇంకో సంగతి. మావయ్యగారు ఏది అన్నారో అలాగే రాసుకోండి, మీ భాషలోకి మార్చకండి.

వ్యాఖ్య

బేస్‌ను "మంద్రం" అనొచ్చా? రేడియోలో "మంద్రస్వరం" అంటే మెల్లగా మాట్లాడడం అన్నట్టే వింటున్నాం.

వ్యాఖ్య

అనొచ్చండీ, అదే దాని అసలు అర్థం. అమరకోశంలో మంద్రమంటే గంభీరమైన ధ్వని. మెల్లన అనే అర్థం తర్వాత వాడుకలో చేరింది. సంగీతంలో ఇప్పటికీ మంద్రస్థాయి అంటే కింది స్థాయే. నేను పాడే ఒకటి శ్రుతిలో మధ్య షడ్జం, అంటే నడిమి స్థాయి "స", సుమారు 131 హెర్ట్జ్. మంద్ర షడ్జం 65. అనుమంద్ర పంచమం, అంటే మంద్రానికీ కింది స్థాయిలోని "ప", 49. అంటే మీరు పైన చెప్పిన కరెంటు గుయ్ దాదాపు అనుమంద్ర పంచమం మీద నిలుస్తుంది! సబ్‌వూఫర్ ముఖ్యంగా పలికించేది 80కి దిగువన, మనిషి గొంతు మామూలుగా దిగని చోట. మృదంగంలో ఎడమవైపు తొప్పికి తడిపిన రవ్వముద్ద అంటించేదీ ఇందుకే. చర్మం బరువెక్కితే కంపనం నెమ్మదిస్తుంది, నాదం కిందికి దిగుతుంది. సబ్‌వూఫర్ కోన్ బరువుగా ఉండడానికీ అదే కారణం. ఇంత చక్కటి మాట చేతిలో ఉండగా "మంద్రం" వాడడానికి సంకోచం దేనికి?

వ్యాఖ్య

నేను న్యూజెర్సీలో ఉంటాను. ఇక్కడి కరెంటు 60 హెర్ట్జ్. మీ లెక్కన మా గుయ్ రెండు నిషాదాల ("ని"ల) మధ్య ఎక్కడో పడుతుంది, ఏ స్వరానికీ అందదు. ఒక సందేహం: వేలు పెట్టకుండానే గుయ్‌మంటూ ఉంటే?

వ్యాఖ్య

కేబుల్ మొత్తం పీకేసి వినండి. అప్పుడూ గుయ్‌మంటే లోపం పెట్టె లోపలే ఉంది, చాలాసార్లు పవర్ సప్లైలో కెపాసిటర్ ముసలిదై ఉంటుంది. కేబుల్ పెట్టినప్పుడే వస్తే కేబులో ఎర్తింగో. ల్యాప్‌టాప్ కలిపి ఉంటే చార్జర్ తీసి చూడండి, తరచూ అక్కడే ఆగిపోతుంది.

పోస్టు పెట్టినవారు

మావయ్యతో ఇప్పుడే మాట్లాడాను. వేలు పెడితే గుయ్‌మందట. కోన్ నొక్కితే చప్పుడు లేదట. పాట పెడితే మాత్రం "లొడలొడా కాదు, గరగరా కాదు, బరబరమంటోందిరా, చిరిగిన కాగితంలాగా" అన్నాడు. మీ జాబితాలో లేని మాట ఆయనే ఇచ్చాడు.

వ్యాఖ్య

సరిగ్గా చెప్పారు మీ మావయ్యగారు. బరబర అంటే కోన్ చుట్టూ ఉండే అంచు చిరిగి ఉంటుంది. స్పాంజి అంచైతే ఏళ్లు గడిచేకొద్దీ పొడిపొడిగా రాలిపోతుంది. ముందు జాలీ తీసి వేలితో తడిమి చూడమనండి. రాలుతుంటే అంచు ఒక్కటే మార్పిస్తే సరిపోతుంది, స్పీకర్ మొత్తం కొననక్కర్లేదు. అప్పటిదాకా టోన్లు పెట్టొద్దనండి, చిరుగు పెద్దదవుతుంది.