సర్కారు సైట్లలో పాత జీవోలు, చెరువుల మ్యాపులు: మీరు ఎలా దాచుకుంటున్నారు?

ఉప్పల్_పాఠకురాలు: హైదరాబాద్ నగరంలోని చెరువుల మీద పరిశోధన చేస్తున్నాను. ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు నిలిచే హద్దు) మ్యాపులు, నోటిఫికేషన్లు, జీవోలు అన్నీ ఆన్‌లైన్‌లోనే చూస్తాను. సైటు కొత్త డిజైన్‌లోకి మారినప్పుడల్లా నేను రాసిపెట్టుకున్న లింకులు తెరుచుకోవడం లేదు. తుది నోటిఫికేషన్ వచ్చినా ప్రాథమిక మ్యాపు కూడా దొరకాలి కదా! హద్దు ఎక్కడ జరిగిందో రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది. 2024లో చెరువుల ఆక్రమణలను తొలగించే హైడ్రా సంస్థ వచ్చాక ఇల్లు కొనేవాళ్లకు కూడా ఈ కాగితాలతో పని పడుతోంది. మీ పద్ధతులు చెప్పండి.

వికీ_రాతగాడు: తెవికీలో (తెలుగు వికీపీడియాలో) మండలాల వ్యాసాలు రాస్తాను. 2016 అక్టోబరు 11న తెలంగాణలో పది జిల్లాలు 31 అయ్యాయి, 2019లో ములుగు, నారాయణపేటలతో 33. ఏ ఊరు ఏ మండలంలోకి వెళ్లిందో చెప్పే ఆధారం అప్పటి జీవోలే. అందుకే మూలంగా ఇచ్చే ప్రతి లింకునూ ముందు వెబ్ పేజీల కాపీలు దాచే వేబ్యాక్ మెషీన్ అనే సైటులో సేవ్ చేసి, వ్యాసంలో రెండు లింకులూ ఇస్తాను.

ఒక జాగ్రత్త. జీవోల సైట్లలో శాఖ, తేదీ ఎంచుకుని వెతకాలి. ఆ వెతికే పేజీని సేవ్ చేస్తే ఖాళీ ఫారమే మిగులుతుంది. పీడీఎఫ్ నేరుగా తెరుచుకునే అడ్రసు పట్టుకుని దాన్ని సేవ్ చేయాలి, సేవైన కాపీని తెరిచి చూడాలి.

రికార్డు_రూము: కలెక్టరేట్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఫైలు మూసేటప్పుడే దాని ఆయుష్షు రాసేవాళ్లం. ఆర్.డిస్ అంటే శాశ్వతంగా ఉంచాలి, డి.డిస్ అంటే పదేళ్లు. గడువు తీరని కాగితాన్ని తీసేసే అధికారం ఎవరికీ లేదు. వెబ్‌సైటులో పెట్టిన పీడీఎఫ్‌కు అలాంటి ముద్రేదీ కనబడదు, సైటు మార్చేటప్పుడు ఏది ఉంచాలో ఏది తీయాలో ఎవరు తేలుస్తారు? నాకు బాధ కలిగించేది ఇదే. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో మొగలుల కాలం నాటి పారశీ పత్రాలు నేటికీ చదవొచ్చు. మన కాలపు ఉత్తర్వులకూ ఆ భద్రత రావాలి.

సమాచార హక్కు చట్టం, 2005లో సెక్షన్ 4 చదవండి. రికార్డులను పట్టికలు వేసి సక్రమంగా ఉంచాలని, వీలైనవి కంప్యూటరీకరించాలని అందులో ఉంది. సమాచారం కోరే దరఖాస్తులో ఆ సెక్షన్‌ను ప్రస్తావించండి.

సిటీకోర్టు_వకీలు: పెద్దాయన మాటకు ఒకటి కలుపుతాను. 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్ అమల్లో ఉంది. డిజిటల్ కాపీని కోర్టులో పెట్టాలంటే సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ ఇవ్వాలి, అందులో ఫైలు హాష్ వాల్యూ (ఫైల్లోని సమాచారం నుంచి కంప్యూటర్ లెక్కగట్టే గుర్తు కోడ్) కూడా రాయాలి. కాబట్టి డౌన్‌లోడ్ చేసిన రోజే షా-256 అనే పద్ధతిలో హాష్ తీసి, తేదీ, అడ్రసుతో కలిపి రాసిపెట్టండి. ఆ తర్వాత ఫైల్లో ఒక్క అక్షరం మారినా హాష్ మారిపోతుంది. అయినా కేసుకు ఆఫీసు ఇచ్చే సర్టిఫైడ్ కాపీయే గట్టిది. మీ దగ్గర జీవో నంబరు, తేదీ ఉంటే దాన్ని అడగడం సులువు.

ఫాంటు_బాధితుడు: పాత తెలుగు పీడీఎఫ్‌లు చాలావరకు యూనికోడ్‌లో (అన్ని కంప్యూటర్లూ గుర్తించే అక్షరాల పద్ధతిలో) లేవు. అను ఫాంట్లలో టైపు చేసినవాటిని కాపీ చేస్తే పిచ్చి గీతలొస్తాయి. మరికొన్ని వట్టి స్కాన్లు. మూలం ఫైలును అస్సలు కదపకుండా, ఓసీఆర్‌తో (బొమ్మలోని అక్షరాలను పాఠంగా మార్చే సాఫ్ట్‌వేర్‌తో) తీసిన తెలుగు పాఠాన్ని పక్కన వేరే ఫైల్లో ఉంచండి. ఊరి పేరుతో వెతికితే అప్పుడే దొరుకుతుంది.

ఉప్పల్_పాఠకురాలు: అందరికీ ధన్యవాదాలు. అమెరికాలో లైబ్రరీలు 2008 నుంచి ప్రతి అధ్యక్షుడి పదవీకాలం చివర్లో ప్రభుత్వ సైట్లను కాపీ చేసి దాస్తున్నాయి. మనం చెరువుల కాగితాలతో మొదలుపెడదామా? ఉమ్మడి షీటు తెరుస్తాను: జీవో నంబరు, తేదీ, అడ్రసు, హాష్. ఒక్కో ఫైలు కనీసం ముగ్గురి దగ్గర ఉండాలి.

రికార్డు_రూము: నన్నూ చేర్చుకోండమ్మా. జీవోతోపాటు అనుబంధం కూడా తప్పకుండా దించుకోండి. సర్వే నంబర్లు ఎక్కువగా అందులోనే ఉంటాయి.