చరతారలు చూసి గెలాక్సీ చరిత్ర చెప్పొచ్చా?

ధ్రువతార:
ఒక గెలాక్సీలో తారలు ఎప్పుడెప్పుడు, ఎన్నెన్ని పుట్టాయో తెలియాలంటే మామూలుగా ఒక్కో తార రంగు, వెలుగు కొలిచి పటం గీస్తారు. దూరపు గెలాక్సీలకు అంత శ్రమ అక్కర్లేదు, వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉండే చరతారలు చాలని నా వాదన. ఆర్‌ఆర్ లైరేలు అనే ముసలి చరతారలు దొరికితే వెయ్యి కోట్ల ఏళ్లు దాటిన తారలు ఉన్నట్టే. సెఫీడ్లు అనే బరువైన, పిన్న చరతారలుంటే గత కొన్ని కోట్ల ఏళ్లలో పుట్టుకలు జరిగినట్టే. పైగా 30 రోజులకోసారి వెలుగు పెరిగి తగ్గే సెఫీడ్ 3 రోజుల దానికంటే పిన్నది, అంటే వాటిలోనూ వయసులు విడదీయొచ్చు. మధ్య కాలానికి మీరాలు అనే ఉబ్బిన ఎర్ర చరతారలు ఉండనే ఉన్నాయి.

లెక్కలపిచ్చి:
ఉన్నాయని చెప్పడం వేరు, ఎన్ని పుట్టాయో చెప్పడం వేరండీ. ఎం3, 47 టుకానే రెండూ వెయ్యి కోట్ల ఏళ్లు దాటిన గోళాకార గుచ్ఛాలే, అంటే బంతిలా గుమిగూడిన తారల గుంపులే. ఎం3లో ఆర్‌ఆర్ లైరేలు 200 పైనే. లక్షల తారలున్న 47 టుకానేలో ఒకే ఒక్కటి, వి9! అక్కడ లోహాలు (హీలియం కంటే బరువైన మూలకాలన్నీ) ఎక్కువ కాబట్టి హీలియం మండించే దశలో తారలు ఎర్రగానే ఉండిపోతాయి, ఉబ్బుతూ కుంచించుకుంటూ వెలుగు మార్చే ఉష్ణోగ్రతకు చేరవు. ఆ ఒక్కదాన్ని చూసి ముసలి తారల లెక్క ఎలా కడతారు?

ధ్రువతార:
ఒప్పుకుంటా. కానీ చిన్న మరుగుజ్జు గెలాక్సీల్లో లోహాలు తక్కువే కదా, అక్కడ ఈ అభ్యంతరం అంతగా నిలవదు. వయసు నేరుగా చెప్పేది ప్రధాన శ్రేణి మలుపు, అంటే పటంలో తారలు కేంద్రంలోని హైడ్రోజన్ అయిపోయి దారి మళ్లే చోటు. అక్కడి తారలు ఆర్‌ఆర్ లైరేల కంటే 20 రెట్లకు పైగా మసక. పక్క గెలాక్సీ ఆండ్రోమెడా పరివేషంలో (చుట్టూ పలచగా పరుచుకున్న తారల్లో) దాన్ని పట్టుకోవడానికి హబుల్ టెలిస్కోప్ మొత్తం మూడున్నర రోజులు ఫొటోలు తీయాల్సి వచ్చింది. అంత టైమ్ ప్రతి గెలాక్సీకీ ఎవరిస్తారు?

లెక్కలపిచ్చి:
మీ సాక్షే మీకు ఎదురు తిరిగాడు. ఆ ఫొటోల్లో ఆర్‌ఆర్ లైరేలూ దొరికాయి. వాటితోనే ఆగిపోయుంటే అక్కడ ముసలి తారలున్నాయని మాత్రమే రాసేవాళ్లం. దాదాపు 30 శాతం తారల వయసు 600 నుంచి 800 కోట్ల ఏళ్లేనని బయటపెట్టింది మీరు వద్దంటున్న పటమే.

రాత్రిగస్తీ:
మీరాల సంగతి ఇద్దరూ దాటేశారు. వాటి వెలుగును బట్టి పుట్టినప్పటి ద్రవ్యరాశి, దాన్నిబట్టి వయసు తీస్తారు. ఆ దశలో తార ఎంతకాలం ఉంటుందో చూసి పుట్టుకల రేటు కడతారు. ఆ కాలం మోడల్ చెప్పిందే, మోడల్ మారితే రేటూ మారుతుంది. ఇక వేషగాళ్లు ఉండనే ఉన్నారు. 2012లో ఒక ‘ఆర్‌ఆర్ లైరే’ని తూచి చూస్తే సూర్యుడి ద్రవ్యరాశిలో 0.26 వంతే తేలింది. జంటతారకు పదార్థం పోగొట్టుకుని అలా తయారైందట.

ధ్రువతార:
వేషగాళ్లు ఎక్కడైనా ఉంటారు, ఒకడి కోసం ఊరంతటినీ అనుమానించలేం. 47 టుకానే దెబ్బ మాత్రం గట్టిదే. కాబట్టి నా మాట సవరిస్తున్నా: ఆర్‌ఆర్ లైరేలు కనిపిస్తే ముసలి తారలు ఉన్నట్టు, కనిపించకపోతే ఏమీ తేలనట్టు. సెఫీడ్ల విషయంలో మాత్రం తగ్గను.

లెక్కలపిచ్చి:
తగ్గొద్దులెండి. కానీ వాటితో తెలిసేది గత 30 కోట్ల ఏళ్ల సంగతే. మిగతా 1,300 కోట్ల మాటేమిటి?