ఐఐటీల్లో అమ్మాయిలకు అదనపు సీట్లు: ఇంకా అవసరమా?

నాలుగో బెంచీ:
ఐఐటీల్లో ఒకప్పుడు అమ్మాయిలు పది శాతం కూడా లేరు. 2018లో అదనపు సీట్లు మొదలుపెట్టారు, 2020కి ఇరవై శాతం లక్ష్యం అన్నారు. ఇక చాలదా? మా తమ్ముడికి రాని కంప్యూటర్ సైన్స్ వాడికన్నా వెనక ర్యాంకు అమ్మాయికి వచ్చింది. రాసింది ఒకే ప్రశ్నపత్రం కదా!

గోదావరి గట్టు:
అవి ఉన్న సీట్లలోంచి కోసి ఇచ్చినవి కావండీ, పైన కలిపినవి. అమ్మాయి అయినందుకు అర్హత మార్కులూ తగ్గించరు. మన రాష్ట్రాల్లో ఇంజనీరింగ్ కన్వీనర్ కోటాలో మూడో వంతు సీట్లు ఎప్పటినుంచో అమ్మాయిలకే. దానిమీద ఇంత రగడ ఎవరూ చేయరెందుకో.

లెక్కల మాస్టారు:
ఇంటర్ దాకా అమ్మాయిలు ఎందులోనూ తీసిపోరు. 2023 ఐఐటీ ప్రవేశ పరీక్ష జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో దేశంలోని అమ్మాయిలందరిలో మొదటి స్థానం హైదరాబాద్ జోన్‌దే, మొత్తమ్మీద 56వ ర్యాంకు. తేడా వచ్చేది లాంగ్ టర్మ్ దగ్గర. అనుకున్న ర్యాంకు రాకపోతే కొడుకును మరో ఏడాది కోచింగుకు పంపుతారు. కూతురికి మాత్రం ‘ఏడాది వృథా ఎందుకమ్మా, ఊళ్లో కాలేజీ ఉందిగా’ అంటారు. ర్యాంకు వచ్చినా రూర్కీ, గువాహటి అనగానే ఇంట్లో పంచాయితీ. నా విద్యార్థినుల ఇళ్లలో ఈ మాటలు వినీ వినీ విసిగిపోయాను. మీ తమ్ముడు ఎన్నోసారి రాశాడు బాబూ?

నాలుగో బెంచీ:
రెండోసారే. సరే మాస్టారూ, లాంగ్ టర్మ్ ఫీజు కట్టలేని కౌలు రైతు కొడుకు సంగతేమిటి? నగరంలో కార్పొరేట్ కాలేజీలో చదివిన డాక్టరుగారి అమ్మాయికన్నా వాడికి ఎక్కువ అవకాశాలున్నాయా?

ల్యాబు మూల:
గట్టి ప్రశ్నే. కానీ ఈ సీట్లు ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ సహా అన్ని కేటగిరీల్లోనూ ఉన్నాయి. కౌలు రైతు కూతురికీ పనికొస్తాయి. ఆమెకు ఆ ఇంట్లో తమ్ముడి తర్వాతే వంతు.

బీటెక్ సీటు మీద ఇంత వాదన, ఆ తర్వాత ఏమవుతుందో మాత్రం ఎవరికీ పట్టదు. 1933లో, తర్వాత జీవరసాయన శాస్త్రవేత్త అయిన కమలా సోహొనీకి, ఆడపిల్ల అని బెంగళూరులోని సైన్స్ పరిశోధన సంస్థ ఐఐఎస్సీలో ప్రవేశం వద్దన్నది సి.వి. రామన్. ఆమె పట్టుబడితే షరతులు పెట్టి చేర్చుకున్నారు. ఇప్పుడు మొహంమీద వద్దనేవారు లేరు. నాతో పీహెచ్‌డీ చేసిన స్నేహితురాలు విదేశంలో ఆ తర్వాతి పరిశోధన అవకాశం, అంటే పోస్ట్‌డాక్ వస్తే వదులుకుంది, అత్తవారు అడిగింది ఒక్కటే: ‘మావాడు ఉద్యోగం మానేసి నీ వెంట రావాలా?’ విరామం తర్వాత తిరిగొచ్చే మహిళలకు కేంద్రం ఫెలోషిప్ ఇస్తోంది, మంచిదే. అది మూడేళ్లలో అయిపోతుంది. నలభై దాటిన ఆమెను అప్పుడు ఏ విభాగం అధ్యాపకురాలిగా తీసుకుంటుందో చెప్పండి, సీట్ల మాట తర్వాత మాట్లాడదాం.