జిమ్నీ టాప్ మీద క్యారియర్: ఆటోనగర్‌లో చేయించిందా, రెడీమేడ్ బార్లా, అసలు వద్దా?

తిరుపతి_జిమ్నీ:
అన్నలూ, మీరే తేల్చాలి, మా ఇంట్లో ఇప్పటికే రెండు పార్టీలు తయారయ్యాయి. బండి మారుతి వాళ్ల ఐదు తలుపుల జిమ్నీ, చిన్న ఫోర్ బై ఫోర్. పిల్లలిద్దరూ వెనక కూర్చుంటే డిక్కీలో మిగిలేది 208 లీటర్లు, రెండు బ్యాగులు పెడితే మూత పడటమే కష్టం. నెలకోసారి తలకోనకో కైగల్‌కో పోతుంటాం కాబట్టి టెంటు, స్టవ్వు, నీళ్ల క్యాన్లు తప్పవు, ఎండాకాలం వస్తే పలమనేరులో అత్తగారి తోట మామిడికాయలు సరేసరి. ఆటోనగర్‌లో ఒకాయన టాప్ పొడవునా జీఐ పైపుతో (జింకు పూత ఇనుప పైపు) బుట్టలాంటి క్యారియర్ చేసిస్తానన్నాడు, గట్టర్‌కి (టాప్ అంచుల వెంట వాన నీళ్లు పోయే గాడి) ఆరు క్లాంపులు, మొత్తం 9,000. 'మనిషి ఎక్కి గెంతినా కదలదు సార్' అంటాడు. ఆన్‌లైన్‌లో చూస్తే ఒట్టి రెండు అడ్డ బార్లే అంతకంటే ఎక్కువ చెప్తున్నారు. 2,000 అడ్వాన్సు ఇచ్చేశాను, ఇప్పుడు టెన్షన్ పట్టుకుంది.

బొలెరో_పలమనేరు:
ఇందులో ఆలోచించడానికేముంది తమ్ముడూ, చేయించెయ్. మా నాయన బొలెరో మీద ఇరవై ఏళ్ల నాటి క్యారియర్ ఇప్పటికీ ఉంది, ఇక్కడే చేయించిందే. పాతిక కిలోల టమోటా క్రేట్లు ఎనిమిదేసి వేసుకుని మదనపల్లె మార్కెట్‌కి పోయేవాళ్లం, ఏనాడూ ఏమీ కాలేదు. ఆన్‌లైన్‌లో అమ్మే అల్యూమినియం బార్లు ఫొటోలకి బాగుంటాయి. ఫోర్ బై ఫోర్ కొనుక్కుని టాప్ మీద బరువు పెట్టడానికి భయమైతే ఆటో కొనుక్కోవాల్సింది.

పుత్తూరు_స్పానర్:
పలమనేరు అన్నా, కోప్పడొద్దు. క్యారియర్ ఎంత బరువు మోస్తుంది అన్నది అసలు ప్రశ్నే కాదు, దాని కింద ఉన్న టాప్ ఎంత మోస్తుందన్నదే ప్రశ్న. ఆస్ట్రేలియాలో జిమ్నీ టాప్‌కి పెట్టిన పరిమితి 30 కిలోలు, క్యారియర్ బరువు కూడా అందులోనే లెక్క. అక్కడిది వేరే బండేం కాదు, ఐదు తలుపుల జిమ్నీ గురుగ్రామ్‌లో తయారై అక్కడికి పోతోంది. ఇప్పుడు పైపు లెక్క చూడు. అంగుళం జీఐ పైపు మీటరుకి రెండు కిలోల పైమాటే. టాప్ చుట్టూ ఒక ఫ్రేము, మధ్యలో నాలుగైదు అడ్డ పైపులు, పైన ఇంకో చుట్టు కలిపితే సులువుగా 15 మీటర్లు. అంటే ఒక్క మామిడికాయ పెట్టకముందే 30 కిలోలు దాటిపోయింది. గెంతినా కదలదని ఆయన చెప్పింది అబద్ధం కాకపోవచ్చు, పైపు కదలదు, దాని కింద రేకు సంగతి ఆయన చెప్పలేదు.

బొలెరో_పలమనేరు:
ఆస్ట్రేలియా వాళ్లు అన్నిటికీ భయపడతారులే. జిమ్నీకి కూడా కింద ల్యాడర్ ఫ్రేమ్ ఛాసీ, అదే నిచ్చెనలాంటి ఇనుప చట్రం, ఉందా లేదా? లారీకి ఉన్నలాంటిదే కదా.

పుత్తూరు_స్పానర్:
ఉంది, గట్టిదే. కానీ క్యారియర్ ఛాసీ మీద కూర్చోదన్నా, గట్టర్ మీద కూర్చుంటుంది. గట్టర్ నుంచి బరువు తలుపుల మధ్య స్తంభాల్లోంచి బాడీకి దిగి, బాడీ కింది రబ్బరు మౌంట్ల మీదుగా చివరికి ఛాసీకి చేరుతుంది. ఆ దారిలో అన్నిటికంటే బక్కది పైన ఉన్న రేకే. ఇంకోటి, జిమ్నీ సన్నగా, ఎత్తుగా ఉండే బండి. 30 కిలోలు డిక్కీలో ఉండటం, నెత్తిమీద ఉండటం ఒకటి కాదు. భాకరాపేట ఘాట్‌లో ఒక మలుపు తిప్పి చూడు, వంకర తిరిగాక బండి నిటారు కావడానికి ఒక్క క్షణం ఎక్కువ తీసుకుంటుంది. ఆ క్షణంలో ఎదురుగా బస్సు వస్తే తెలుస్తుంది.

కరకంబాడి_రోడ్డు:
క్లాంపులా బార్లా అన్నది మీరూ మీరూ తేల్చుకోండి, డ్రిల్లు మాత్రం కొట్టించొద్దు, నా అనుభవం వినండి. నా పాత బండికి గట్టర్ లేదు, అందుకని ఒక షాపులో టాప్‌కి ఎనిమిది రంధ్రాలు పెట్టి బోల్టులు బిగించి చుట్టూ సిలికాన్ పూశారు. రెండు ఎండాకాలాలకి ఆ సిలికాన్ ఎండి పెచ్చులు లేచింది, నేను చూసుకోలేదు. 2021 నవంబర్‌లో తిరుపతి మునిగిన వాన గుర్తుందా, ఆ రాత్రి బండి ఇంటి ముందే ఉంది, పొద్దున తలుపు తీస్తే లోపలి లైటు మూతలో గ్లాసెడు నీళ్లు, మా పాప దాన్ని చూసి 'నాన్నా, లోపల చేపలు పెంచుదాం' అంది. పైన గుడ్డ లైనింగ్ విప్పిస్తే రంధ్రం చుట్టూ తుప్పు రూపాయి బిళ్లంత అయింది. జిమ్నీకి దేవుడిచ్చిన గట్టర్ ఉంది కదా, దాన్ని వదిలేసి రంధ్రాలు పెట్టించేవాళ్లని ఏమనాలి.

అలిపిరి_రోజూ:
నేను వారానికోసారి కొండకి వెళ్తాను. అలిపిరిలో ఎటూ లగేజీ అంతా దించి స్కానింగ్‌లో పెట్టాలి. టాప్ మీద తాళ్లతో కట్టిన మూటలు విప్పి మళ్లీ కట్టడం, వెనక నుంచి హారన్లు, ఒకసారి చేశాక ఇంకెప్పుడూ పెట్టలేదు. రూల్ సంగతి కూడా చూసుకో, మోటారు వాహనాల చట్టం 182ఏ(4) కింద అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ ఉన్నాయి. విప్పి తీసేయగల క్యారియర్ అందులోకి వస్తుందా అంటే, రోడ్డు మీద నాకు ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పారు. వెల్డింగ్ పెట్టిన దానికంటే స్పానర్‌తో ఊడొచ్చే దానితో వాదించుకోవడం తేలిక, అంతవరకే నేను చెప్పగలను.

టెంటు_మామ:
అందరూ ఇలా భయపెడితే ఎట్లా! టాప్ మీద టెంటు వేసి ఇద్దరు పడుకుంటున్నారు కదా యూట్యూబ్‌లో, 30 కిలోలు నిజమైతే వాళ్ల బండ్లు ఈపాటికి అప్పడం అయిపోవాలి.

పుత్తూరు_స్పానర్:
మామా, బండి నిలబెట్టి పడుకుంటున్నారు. నిలబడి ఉన్నప్పుడు బరువు తిన్నగా కిందికే దిగుతుంది. నడిచేటప్పుడు గుంతలో పడితే అదే బరువు ఎగిరి దెబ్బలా పడుతుంది, బ్రేకు వేస్తే ముందుకి, మలుపులో పక్కకి గుంజుతుంది. అందుకే కంపెనీలు నడిచే బండికీ, ఆగిన బండికీ వేర్వేరు లెక్కలు చెప్తాయి. ఆ 30 నడిచే లెక్క.

టెంటు_మామ:
సరే, ఒప్పుకున్నా. కానీ బార్లు వేస్తే ఈల వేస్తాయి, దానికి సిద్ధంగా ఉండు. నావి 70 దాటగానే రేణిగుంట రోడ్డు పొడవునా పిల్లనగ్రోవి. ముందు బారుకి నైలాన్ తాడు బారెడు దూరం ఉండేలా కాదు, జానెడు జానెడు ఎడంగా మెలి చుట్టాను, చాలావరకు తగ్గింది. పని లేనప్పుడు ఊడదీసి ఇంట్లో పెట్టడం ఇంకా మేలు, మైలేజీ కూడా కలిసొస్తుంది.

తిరుపతి_జిమ్నీ:
అప్‌డేట్. స్పానర్ అన్న లెక్క చూశాక నిద్ర పట్టలేదు. పొద్దున్నే ఆటోనగర్‌కి వెళ్తే క్యారియర్ అప్పటికే దాదాపు అయిపోయి ఉంది, రంగు వేయలేదంతే. పక్కనే పాత ఇనుము కొట్లో కాటా ఉంటే దాని మీద పెట్టించాను. 34 కిలోలు. చేసినాయన కాటా తప్పేమో అని తనే ఎక్కి చూసుకున్నాడు, కాటా సరిగ్గానే ఉంది. మంచివాడే పాపం, 'బరువు తగ్గించమని ముందే అంటే సన్న ట్యూబుతో కొట్టేవాణ్ణి కదా సార్' అన్నాడు, అదీ నిజమే. అడ్వాన్సు వదిలేసుకున్నాను. గట్టర్‌కి పట్టే అల్యూమినియం బార్లు రెండు తెప్పించాను, కలిపి ఆరు కిలోలు. క్లాంపుకీ గట్టర్‌కీ మధ్య రబ్బరు పెట్టి, నైలాక్ నట్లు (లోపల నైలాన్ రింగు ఉండి తేలిగ్గా వదులు కానివి) వేసి బిగించాను. తలకోన దాకా వెళ్లి చెక్ చేస్తే ఎడమ వెనక నట్టు పావు చుట్టు వదులైంది, మళ్లీ బిగించాక కదల్లేదు. ఇప్పుడు టాప్ మీద టెంటు, పరుపులు, బట్టల బ్యాగు మాత్రమే. నీళ్లు, స్టవ్వు, సిలిండర్ డిక్కీలో అడుగున. మామిడికాయలు మా బావమరిది బండిలో, ఆ పంచాయితీ ఇంకా నడుస్తోంది.

కరకంబాడి_రోడ్డు:
మీ అపార్ట్‌మెంట్ సెల్లార్ ఎత్తు కొలిచావా? టెంటుతో సహా కొలువు, బార్ల దాకా కాదు. మా పక్కింటాయన బీము దగ్గర నేర్చుకున్నాడు.

బొలెరో_పలమనేరు:
ఎవరేం చెప్పినా మా బొలెరో మోసింది మోసింది. అది సరేగానీ తమ్ముడూ, ఆ 34 కిలోల క్యారియర్ ఆయన దగ్గరే ఉందా? నెంబరు పంపు, మా నాయనది తుప్పు పట్టింది, కొలతలు సరిపోతే నేను తీసుకుంటా. నీ 2,000 కూడా అందులో తగ్గించమని అడుగుతా.