సీజే-3బీ జీపు స్టీరింగ్ బాక్సు: నడుమ ప్లే, పక్కలకు తిప్పితే పట్టేయడం

బండి మహీంద్రా సీజే-3బీ. రాస్ రకం బాక్సు, అంటే స్టీరింగ్ షాఫ్ట్ చివర మెలికల గాడి ఉన్న క్యామ్, ఆ గాడిలో నడిచే రెండు పిన్నుల సెక్టర్ షాఫ్ట్. చక్రాలు నేరుగా ఉన్నప్పుడు స్టీరింగ్ వీల్ అంచు దగ్గర 75 మి.మీ. ప్లే, అంటే చక్రాలు కదలకుండా వీల్ ఊరికే తిరిగే మేర. 40 కి.మీ. వేగం దాటితే బండి అటూ ఇటూ పోతోంది.

బాక్సు నుంచి చక్రాలకు వెళ్లే లింకేజీలో టై రాడ్ ఎండ్లు నాలుగూ, బెల్ క్రాంక్ షాఫ్ట్, దాని నీడిల్ బేరింగులు, డ్రాగ్ లింక్ స్ప్రింగులు, బాల్ సీట్లు కొత్తవి. చక్రాలు తిరిగే ఇరుసులైన కింగ్‌పిన్‌ల బేరింగులు మార్చి షిమ్‌లతో (పలుచని రేకులతో) సరిచేశాను. టో-ఇన్ (ముందు చక్రాలు ముందువైపు లోపలికి తిరిగి ఉండే మేర) 2 మి.మీ. అయినా ఆ ప్లే మేర వీల్ తిప్పుతుంటే సెక్టర్ షాఫ్ట్ బయటి చివరనుండే పిట్‌మన్ ఆర్మ్ కదలడం లేదు, కాబట్టి తప్పు బాక్సులోనే.

పిట్‌మన్ ఆర్మ్‌కు తగిలించిన డ్రాగ్ లింక్ కడ్డీ విప్పి, మొదట బాక్సు పైకవర్ కింద ఒక షిమ్ తీసి క్యామ్ ఎండ్ ప్లే (క్యామ్ నిలువునా ముందుకూ వెనక్కీ కదలడం) పోగొట్టాను. తర్వాతే, పిన్నులను గాడిలోకి నొక్కే పక్క కవర్ స్క్రూ బిగించాను. ఈ వరస తప్పితే కొలత నమ్మలేం. నడుమ ప్లే పోయేలా బిగిస్తే ఏ పక్కకైనా ఒక చుట్టు తిరిగేసరికి పట్టేస్తోంది. పక్కలకు తేలికగా తిరిగేంత వదిలితే నడుమ మళ్లీ 50 మి.మీ. బిగించి నడపడం ప్రమాదం, మలుపు తర్వాత స్టీరింగ్ వెనక్కి రాదు.

బాక్సు విప్పి చూశాను. పిన్నులు ఒకవైపు చదునుగా అరిగాయి. క్యామ్ గాడి నడిమి భాగంలో గోరుకు తగిలేంత మెట్టు ఉంది, గుంటలు మాత్రం లేవు.

ఈ క్యామ్‌ను ఉంచి సెక్టర్ షాఫ్ట్ ఒక్కటే మారిస్తే పట్టేయడం పోతుందా, లేక రెండూ జతగా మార్చాల్సిందేనా?